జైలు చీకటిని యాసిడ్ ఎలా పండిస్తుంది?

నమస్తే అండీ. ఎచింగ్ అంటే రాగిరేకు మీద గీసి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఎచింగ్ ఏది చూపించినా నాకు వినబడేది ఒకే మాట: "రాగిరేకు మీద ఎంత సన్నగా చెక్కాడండీ!" విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చెక్కలేదండీ! ఆ గీతల్ని తవ్వింది యాసిడ్.

ఒక బొమ్మ ఊహించుకోండి. జైలు గది. మూలన గడ్డి మీద ఖైదీ. అప్పుడే తలుపు తెరుచుకుంది, ఉత్తరం పట్టుకుని వార్తాహరుడు లోపలికొచ్చాడు. అతని వెనక పల్చటి వెలుతురు. ఎచింగ్ చేసేవాళ్లకి ఇది గట్టి పరీక్ష. కటిక చీకటీ, ఆ వెలుతురూ రెండూ ఒకే రేకులో పలకాలి.

చెక్కడం అంటే ఎన్‌గ్రేవింగ్. బురిన్ అనే ఉలిని రాగిలోకి నెట్టుకుంటూ పోవాలి, చెయ్యి కుదరడానికే ఏళ్లు పడుతుంది. ఎచింగ్‌లో అలా కాదు. మైనం, గుగ్గిలం, తారులాంటి పదార్థం కలిపి రేకుకి పూత పూస్తారు. కొవ్వొత్తి పొగ పట్టించి నల్లగా చేస్తారు. ఇక సూదితో గీయడమే! చెయ్యి కాగితం మీద నడిచినంత తేలిగ్గా నడుస్తుంది. గీసినచోట పూత లేచి, నలుపులోంచి రాగి తళుక్కుమంటుంది. చుట్టూ మైనంతో గట్టు కట్టి నైట్రిక్ యాసిడ్ పోస్తే, పూత లేచిన చోటే రాగిని తినేస్తుంది. ఫ్రెంచివాళ్లు ఈ యాసిడ్‌ని 'ఓ ఫోర్త్' అన్నారు, అంటే బలమైన నీళ్లు. బొమ్మకీ అదే పేరు.

మరి చీకటి ఎక్కడిది? గోరింటాకు గుర్తు తెచ్చుకోండి. అరగంటకే కడిగేస్తే నారింజరంగు దగ్గరే ఆగిపోతుంది. రాత్రంతా ఉంచుకుంటే ఎర్రగా పండుతుంది. రాగిరేకూ అంతే. కాసేపే ఉంచితే గీత లోతు తక్కువ, పట్టే సిరా తక్కువ.

అందుకే ముందు కాసేపు ఉంచి యాసిడ్ తీసేస్తారు. రేకు కడిగి, ఆరబెట్టి, తలుపు దగ్గరి గీతల మీద బ్రష్‌తో వార్నిష్ పూసేస్తారు. చిటికెనవేలు ఒక్కటీ ముందే కడిగేసుకున్నట్టు! మళ్లీ యాసిడ్. ఈసారి గోడని మూసేస్తారు. మళ్లీ యాసిడ్. ఖైదీ కూర్చున్న మూల మాత్రం మొదటి నుంచి చివరిదాకా నానుతూనే ఉంటుంది. నాకు ఒళ్లు గగుర్పొడిచేది ఇక్కడే. ఆ చీకటి నిజంగా కాలంతో కొలిచి పోసింది. మధ్యలో గీతల మీద బుడగలు లేస్తాయి, పక్షి ఈకతో మెల్లగా తుడుస్తుండాలి. సమయం దాటిందా, దగ్గరదగ్గర గీతలు ఒకదాంట్లోకి ఒకటి కూలిపోతాయి, జారిన గోరింటాకులా డిజైన్ అలుక్కుపోతుంది.

ఈ పని అంతా అబ్రహాం బోస్ అనే ఫ్రెంచ్ ఎచింగ్ కళాకారుడు 1645లోనే పుస్తకంగా రాశాడు. 1745లో కొషాఁ అనే మరో ఫ్రెంచ్ కళాకారుడు దాన్ని సవరించి, పెంచి మళ్లీ తెచ్చాడు. ఉలి శిక్షణ అక్కర్లేదు కాబట్టి చిత్రకారులే సూది పట్టారు. బూషే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు కుర్రవాడిగా ఉన్నప్పుడు, వాతో అనే మరో చిత్రకారుడు గీసిన బొమ్మల నుంచి వందకు పైగా ఎచింగ్‌లు చేశాడు. ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాగొనార్ 1778లో చేసిన 'బీరువా' తప్పకుండా చూడండి. తలుపు తీయగానే బీరువాలో దాక్కున్న ప్రియుడు దొరికిపోతాడు, పక్కన అమ్మాయి ఏడుస్తుంటుంది. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు దగ్గర నుంచి చూసినవాళ్లకి సూది ఎంత స్వేచ్ఛ ఇస్తుందో చెప్పక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. పూత తీసేస్తారు, సిరా రుద్దుతారు, పైపైన గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రమే మిగులుతుంది. తడి కాగితం పరిచి, పైన ఉన్నిగుడ్డలు వేసి, రెండు రోలర్ల మధ్య నొక్కుతారు. అచ్చు తిరగబడి వస్తుంది, తడి గోరింటాకు అరచెయ్యి రెండో చేతికి అంటుకున్నట్టే. రేకు మీద కుడిచేత్తో ఉత్తరం పట్టుకున్న మనిషి కాగితం మీదికి ఎడమచేత్తో వస్తాడు. పాత ప్రింట్లలో కొందరు సైనికులు ఎడమచేత్తో కత్తి దూయడానికి కారణం ఇదే. ఇక ఆ ఉత్తరం మీద అక్షరాలు కనబడాలంటే, చీకటి రేకు మీద ఆ చిన్న చోట సూదితో ఒక్కో అక్షరాన్నీ తిరగేసి రాయాలి.