ఆర్‌వీ పార్కులో రాత్రి పది దాటాక

శ్రోతలకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే అమెరికాలో ఆర్‌వీలు రోడ్డెక్కుతాయి. ఆర్‌వీ అంటే మంచాలు, వంటిల్లు, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బండి. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని, అద్దె ఆర్‌వీలో యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో బయల్దేరుతుంటాయి. రాత్రికి ఆగేది ఆర్‌వీ పార్కులో. కరెంటు, నీళ్ళు, మురుగునీరు పోయే ఏర్పాటు ఉంటాయి. నిద్ర మాత్రం చాలామందికి సరిగా పట్టదు.

ఆర్‌వీ గోడలు పలచన. పక్క బండి కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది. అక్కడ తలుపు వేసినా, కుక్క మొరిగినా మన మంచం దగ్గరే వినిపిస్తుంది. చాలా పార్కుల్లో రాత్రి 10 తర్వాత నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది. నేషనల్ పార్కుల్లోనైతే జనరేటర్ శబ్దం 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు. నియమాలకు కొరత లేదు. అయితే పది దాటాక చాలాచోట్ల ఆఫీసులో మనిషే ఉండడు. ఎవరికి చెప్పుకోవాలి? ఇందులో తప్పు పొరుగువాళ్ళ కన్నా పార్కు యాజమాన్యానిదే ఎక్కువని నా అభిప్రాయం. మనవాళ్ళు కూడా నాలుగు కుటుంబాలు కలిస్తే అర్ధరాత్రి దాకా ఆరుబయట కబుర్లే. ఆ మాటలు పక్క బండిలో పడుకున్న పసిపిల్లలకూ వినిపిస్తాయి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది నీళ్ళ కుళాయి సంగతి. ట్యాంకులో చేరిన మురుగును ఖాళీ చేసే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని డంప్ స్టేషన్ అంటారు. గొట్టం కడగడానికి అక్కడ వేరే కుళాయి పెట్టి, 'ఈ నీళ్ళు తాగకూడదు' అని బోర్డు కడతారు. కొందరు అది వదిలేసి, మంచినీళ్ళ కుళాయి దగ్గరికెళ్ళి మురుగు గొట్టం కడుగుతారు. తర్వాత వచ్చినవాళ్ళు అదే కుళాయికి తమ తాగునీటి పైపు తగిలిస్తారు. ఇది చిరాకుతో పోయే విషయం కాదు, జబ్బులు తెచ్చిపెట్టే విషయం. అందుకే తెలిసినవాళ్ళు పైపు పెట్టే ముందు కుళాయి మూతిని బ్లీచ్ నీళ్ళతో తుడిచి, కాసేపు నీళ్ళు వదిలేస్తారు.

రాత్రంతా వెలిగే రంగుల లైట్లు, మన చోటు మీదుగా అడ్డంగా నడిచిపోవడం మామూలే. నెమ్మదిగా చెబితే చాలామంది వింటారు.

కరెంటు మీద ఫిర్యాదుల్లో మాత్రం రెండు రకాలున్నాయి. 30 ఆంప్స్ ప్లగ్గు ఇచ్చేది 3600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. దానికి పార్కును తప్పుపట్టలేం. అదే మండే మధ్యాహ్నం అందరి ఏసీలూ నడుస్తుంటే, 120 వోల్టులు రావాల్సిన చోట 100 వోల్టులే వస్తే ఏసీ కంప్రెసర్ కాలిపోవచ్చు. పాత వైరింగ్‌తో కొత్త రేట్లు వసూలు చేసే పార్కును గట్టిగా అడగాల్సిందే.

కాబట్టి బుక్ చేసేటప్పుడు రేటుతోపాటు ఇంకో మాట అడగండి: రాత్రి పది తర్వాత ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? నంబరు ఇవ్వగలిగిన పార్కునే ఎంచుకోండి.