ఐదు గంటల ఆయిల్ లెక్క

(జాతీయ నౌకాయాన దినోత్సవం నాడు విశాఖపట్నంలో ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకి, నాతోపాటు ఉప్పునీళ్లు తాగిన పాత మిత్రులకి, ముందు వరసలో తెల్ల యూనిఫారాల్లో కూర్చున్న కుర్రాళ్లకి నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను. అయినా కప్పేశారు. ఏప్రిల్లో, విశాఖలో శాలువా! సరే, కానివ్వండి.

నాకిచ్చిన టాపిక్ 'సముద్రంలో ప్రాణరక్షణ, ఆధునిక పద్ధతులు'. ఆధునిక పద్ధతులు ఈ కుర్రాళ్లకి నాకన్నా బాగా తెలుసు. నేను రెండో ప్రపంచ యుద్ధం నాటి వెర్నర్ హార్టెన్‌స్టైన్ అనే జర్మన్ సబ్‌మెరైన్ కమాండర్ గురించి చెబుతాను. టాపిక్‌కి దూరం పోను, కాస్త ఓపిక పట్టండి.

ఈయన 1908లో ప్లావెన్ అనే ఊళ్లో పుట్టాడు. ముందు టార్పెడో బోట్ల మీద పనిచేసి, 1941లో సబ్‌మెరైన్లలోకి మారాడు. ఆ సెప్టెంబరులో యు-156 అనే సబ్‌మెరైన్ ఆయన చేతికి వచ్చింది. బీచ్ రోడ్డులో మన కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూశారు కదా, తల వంచుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని? యు-156 దానికన్నా చిన్నది. అందులో యాభై మంది నెలల తరబడి బతికారు. ఈ కొలత గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

1942 ఫిబ్రవరి 16న కరీబియన్‌లో అరూబా దీవి మీద దాడికి వెళ్లాడు. అక్కడ పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉంది. రేవులో ట్యాంకర్లని టార్పెడోలతో కొట్టి, ఇక కర్మాగారాన్ని డెక్కు మీది ఫిరంగితో పేలుద్దామనుకున్నారు. నీళ్లు పోకుండా గొట్టం మూతికి ఒక బిరడా ఉంటుంది. కంగారులో అది తీయడం మర్చిపోయారు! గుండు గొట్టంలోనే పేలింది. ఒక నావికుడు చనిపోయాడు, ఒక ఆఫీసరుకి కాలు పోయింది. కర్మాగారం బతికిపోయింది. చిన్న బిరడా, కుర్రాళ్లూ! చెక్‌లిస్టు అంటే మీకు నవ్వులాటగా ఉంటుంది.

తర్వాతి సంగతి ఇంజనీరుగా నాకు మహా ఇష్టం. చీలిపోయిన గొట్టాన్ని నడిసముద్రంలో హాక్సా బ్లేడ్లతో కోసేశారు. 105 మిల్లీమీటర్ల ఫిరంగి ఉక్కు! మనం రెండంగుళాల పైపు కోయడానికే మధ్యలో టీ తాగుతాం. ఆ పొట్టి ఫిరంగితోనే తర్వాత ఓడలు ముంచారు. మెచ్చుకుంటున్నానా? పనితనాన్ని మెచ్చుకుంటున్నాను. ఆ మునిగిన ఓడల ఇంజన్ రూముల్లో ఉన్నది నాలాంటివాళ్లే, అదీ మర్చిపోలేదు.

అసలు విషయానికి వస్తాను. అదే ఏడాది సెప్టెంబరు 12, రాత్రి. దక్షిణ అట్లాంటిక్‌లో, అసెన్షన్ దీవికి ఉత్తరాన, లకోనియా అనే బ్రిటిష్ ఓడని కొట్టాడు. దగ్గరికి వెళ్లాక చీకట్లో ఇటాలియన్ భాషలో కేకలు వినబడ్డాయి. ఓడలో ఉన్న 2,700 మందికి పైగా జనంలో 1,800 మంది దాకా ఇటాలియన్ యుద్ధఖైదీలే. అంటే సొంత మిత్రదేశం వాళ్లు. మిగిలినవాళ్లలో బ్రిటిష్ సైనికులు, పోలిష్ కాపలాదారులు, ఆడవాళ్లు, పిల్లలు.

ఆయన ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. మొదట ఇటాలియన్లని, తర్వాత ఎవరు దొరికితే వాళ్లని. తెల్లారేసరికి 193 మంది! కురుసుర కొలత గుర్తుందా? ఆ తర్వాత ఇంగ్లీషులో, కోడ్ లేకుండా, తానున్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా రేడియోలో ప్రకటించాడు: ఏ ఓడైనా సాయానికి వస్తే, నా మీద దాడి చేయనంతవరకు నేను దాడి చేయను అని. సబ్‌మెరైన్‌కి ప్రాణమే దాక్కోవడం. ఆ మనిషి తన అడ్రసు తనే చెప్పుకున్నాడు. పైఅధికారి డోనిట్జ్ కూడా ఒప్పుకుని, వేరే సబ్‌మెరైన్లని సాయం పంపాడు.

నాలుగో రోజు, 16న, అసెన్షన్ నుంచి అమెరికన్ లిబరేటర్ విమానం వచ్చింది. అప్పటికి సబ్‌మెరైన్ మీద వందమందికి పైగా, వెనక తాళ్లతో కట్టి లాగుతున్న నాలుగు లైఫ్‌బోట్లు. డెక్కు మీద రెడ్‌క్రాస్ జెండా పరిచారు. విమానం చూసి వెళ్లి, ముంచేయమన్న ఆర్డరుతో తిరిగొచ్చి బాంబులు వేసింది. ఒకటి లైఫ్‌బోట్ల మధ్య పడింది. హార్టెన్‌స్టైన్ తాళ్లు కోయించి, ఎక్కించుకున్నవాళ్లని మళ్లీ నీళ్లలోకి దిగమని చెప్పి, మునిగి తప్పించుకున్నాడు. తర్వాత డకార్ వైపు నుంచి ఫ్రెంచి ఓడలొచ్చి చాలామందిని ఎక్కించుకున్నాయి. అంతా కలిపి బతికింది సుమారు 1,100 మంది.

ఆయన్ని దేవుణ్ణి చేయకండి. ఆ జనాన్ని నీళ్లలో పడేసింది కూడా ఆయన టార్పెడోనే. ఆ తర్వాత కూడా ఓడల్ని వేటాడుతూనే ఉన్నాడు. 1943 మార్చి 8న బార్బడోస్‌కి తూర్పున అమెరికన్ కాటలీనా విమానం యు-156ని ముంచింది. ఒక్కడు కూడా మిగల్లేదు.

నన్ను వెంటాడేది బాంబు కాదండీ, మర్నాడు వచ్చిన కాగితం. సెప్టెంబరు 17న డోనిట్జ్ ఆర్డరిచ్చాడు: మునిగిన ఓడలవాళ్లని కాపాడే ప్రయత్నాలు ఇక ఉండకూడదు. యుద్ధం అయ్యాక న్యూరెంబర్గ్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణలో దాని మీద పెద్ద వాదన నడిచింది. పసిఫిక్‌లో తమ పద్ధతి కూడా ఇంచుమించు అలాంటిదేనని అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ రాసిచ్చాడు. డోనిట్జ్‌కి పదేళ్ల జైలు పడింది గానీ, సబ్‌మెరైన్ యుద్ధ నియమాలు మీరినందుకని ఆ శిక్షలో ఏమీ కలపలేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు.

ఎనభైల్లో నేనొక బల్క్ క్యారియర్, అంటే సరుకు ఓడ మీద థర్డ్ ఇంజనీర్ని. బంగాళాఖాతంలో తుపాను వెళ్లిపోయిన రెండోరోజు. వాచ్ డ్యూటీ దిగి డెక్కు మీదికి వచ్చాను. ఎక్కడినుంచో 'ఓలమ్మో!' అని కేక. మనవాళ్ల కేక! బోల్తా పడ్డ నావని పట్టుకుని ఐదుగురు, శ్రీకాకుళం వైపు వాళ్లు, అందులో ఒకడికి మీసం కూడా రాలేదు. మా కెప్టెన్‌కి తెలుగు ముక్క రాదు. అయినా ఒక్క మాట అడక్కుండా షిప్పు తిప్పించాడు. బోటు దింపి, ఎక్కించి, గంజి పోయించి, దారిలో కలిసిన మరబోటుకి అప్పగించేసరికి ఐదు గంటలు పట్టింది.

సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం ప్రకారం అది కెప్టెన్ బాధ్యత. కుర్రాళ్లు పరీక్షలో కూడా రాసే ఉంటారు. మా కంపెనీ పేరు చెప్పను. రేవు చేరకముందే టెలెక్స్ వచ్చింది: ఐదు గంటలు ఎందుకు ఆలస్యం, ఎంత ఆయిల్ కాలింది, లెక్క పంపండి. వద్దు అని ఎక్కడా లేదు. ఆ కెప్టెన్‌కి మాత్రం మళ్లీ ఆ కంపెనీలో కాంట్రాక్టు రాలేదు. అందుకేనని ఎవరూ కాగితం మీద పెట్టలేదు లెండి.

లెక్క కట్టమని చీఫ్ ఇంజనీర్ నాకే అప్పజెప్పాడు. కట్టాను. ఆరు టన్నుల పైచిలుకు. దశాంశం తర్వాత రెండంకెల దాకా వేశాను, అంత శ్రద్ధగా. కింద సంతకం కూడా నాదే. దాని కార్బన్ కాపీ ఇదిగో, ఈ జేబులోనే ఉంది. చూడాలనుకున్న కుర్రాళ్లు టీ దగ్గరికి రండి.