బైపాస్ తర్వాత గుండె లయ తప్పకుండా స్టాటిన్ ఆపుతుందా?

అందరికీ నమస్కారం.

బైపాస్ అయ్యాక రెండో రోజో మూడో రోజో, పేషెంటు తేరుకుని లేచి కూర్చుంటున్న వేళ, ఉన్నట్టుండి మానిటర్ మోగుతుంది. అప్పటిదాకా 80 దగ్గర నిలకడగా ఉన్న నాడి 140 దాటిపోతుంది. ఈసీజీలో ప్రతి స్పందనకూ ముందు ఉండాల్సిన చిన్న పీ తరంగం కనిపించదు. పెద్ద గీతలు ఒకటి దగ్గరగా, ఒకటి ఎడంగా పడుతుంటాయి. ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదరడం. గుండె ఆపరేషన్ అయినవారిలో సుమారు 20 నుంచి 40 శాతం మందికి వస్తుంది. చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది కానీ, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ వల్ల ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్ (గాయానికి ఒళ్లు స్పందించినప్పుడు వచ్చే వాపు) దీనికి ఒక కారణం. స్టాటిన్లు కొలెస్ట్రాల్‌తో పాటు దాన్నీ తగ్గిస్తాయి. మరి ముందే మొదలుపెడితే? ఇటలీలో 200 మందిపై చేసి 2006లో ప్రచురించిన ఆర్మిడా-3 పరీక్ష గొప్ప ఆశ రేపింది. వారం ముందు నుంచి అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 35 శాతం మందికి లయ తప్పింది. మందు లేని మాత్ర వేసుకున్నవారిలో 57 శాతం మందికి తప్పింది.

తర్వాత బీజింగ్‌లో 1,922 మందిపై రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములతో స్టిక్స్ పరీక్ష జరిగింది. 2016లో ఫలితాలొచ్చాయి. మందు వాడినవారిలో 21.1 శాతం మందికి, వాడనివారిలో 20.5 శాతం మందికి లయ తప్పింది. తేడా లేదు! ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్పీ తగ్గింది, లయ మాత్రం కుదురుకోలేదు. పైగా కిడ్నీ దెబ్బతిన్నవారు 19 శాతం నుంచి దాదాపు 25 శాతానికి పెరిగారు. చిన్న పరీక్షను చూసి తొందరపడకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే. లయ కోసమని ఆపరేషన్ ముందు కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టడం నా దృష్టిలో సరికాదు.

ఈ మాట విని, ఏళ్లుగా వేసుకుంటున్న స్టాటిన్‌ను దయచేసి మానేయకండి. అది రక్తనాళాల్లో కొవ్వు పేరుకోకుండా, గుండెపోటు రాకుండా ఇచ్చిన మందు. బైపాస్ తర్వాత కూడా దాని అవసరం ఉంటుంది.

లయ విషయంలో నమ్మదగినవి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులు. ముప్పు ఎక్కువున్నవారికి లయను నిలకడగా ఉంచే అమియోడరోన్ అనే మందు కూడా ఇస్తారు. రోజూ బీటా బ్లాకర్ వాడేవారు ఆపరేషన్ హడావుడిలో దాన్ని హఠాత్తుగా ఆపేస్తే లయ తప్పే అవకాశం పెరుగుతుంది. అందుకే ఆసుపత్రిలో చేరేటప్పుడు మీ మందులన్నీ వెంట తీసుకెళ్లండి. ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి, ఆపింది మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి.