ఎకనామిక్స్ పీజీ అయింది, ఇప్పుడేంటి?

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్‌లో పీజీ అనగానే ఎదుటివాళ్లకు తట్టేవి రెండే: పాఠాలు చెప్పడం, లేదంటే బ్యాంకు. రెండూ మంచి దారులే, వాటి గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నేను వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒకటే. ప్రకటనల్లో ‘ఎకనామిస్ట్’ అనే మాట కోసమే వెతుకుతూ కూర్చుంటే మీకు సరిపోయే ఉద్యోగాలు చాలావరకు కంటపడకుండానే పోతాయి. ప్రైసింగ్ అనలిస్ట్, డేటా సైంటిస్ట్, పాలసీ అసోసియేట్, రిస్క్ అనలిస్ట్... పైన బోర్డు ఏదైనా లోపల జరిగేది చాలాసార్లు మన పనే.

ఒక కేసు చెబుతాను. అమెరికాలో ఆఫీసు సామాన్లు అమ్మే స్టేపుల్స్, ఆఫీస్ డిపో కలిసిపోదామనుకున్నాయి, 1997లో అది కోర్టుకెక్కింది. పెన్నులు, కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయి, మొత్తం అమ్మకాల్లో మా వాటా ఎంతని, మేం కలిస్తే ఎవరికి నష్టం అని కంపెనీల వాదన. వినడానికి సబబుగానే ఉంది. ప్రభుత్వం తరఫు ఎకనామిస్టులు ధరల లెక్కలు ముందేసుకున్నారు: స్టేపుల్స్ ఒక్కటే ఉన్న ఊళ్లలో ధరలెలా ఉన్నాయి, ఆఫీస్ డిపో కూడా ఉన్న ఊళ్లలో ఎలా ఉన్నాయి? పోటీ లేనిచోట ఎక్కువున్నాయి. కోర్టు విలీనాన్ని ఆపేసింది. ఇలాంటి కేసుల్లో రెండు పక్షాలూ ఎకనామిస్టులను పెట్టుకుంటాయి, దీని మీదే బతికే కన్సల్టింగ్ సంస్థలున్నాయి. బోనెక్కి సాక్ష్యం చెప్పేది మామూలుగా పీహెచ్‌డీ ఉన్న పెద్దలే, కానీ వెనకాల ఆ ధరల ఫైళ్లతో కుస్తీ పట్టేది మీలాంటి పీజీ వాళ్లు.

ఆ కుస్తీ ఎలా ఉంటుందో కూడా వినండి, క్లాసులో ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. సర్వే ఫైలు తెరుస్తారు, వయసు కాలమ్‌లో అక్కడక్కడా 999 కనిపిస్తుంది. అంత వయసు మనిషి ఉండడు కదా, ‘జవాబు చెప్పలేదు’ అనడానికి సర్వే చేసినవాళ్లు పెట్టుకున్న కోడ్ అది. చూసుకోకుండా సగటు లెక్కేశారా, ఆ ఊరి జనం సగటు వయసు ఎక్కడికో పోతుంది, దాని మీద కట్టిన రిగ్రెషన్, అంటే ఒక అంశం మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క, మొత్తం చెత్తబుట్టలోకే. మోడల్ నడపడం నిమిషాల పని, ఫైలును దారికి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. ఇది విసుగనిపించేవాళ్లకు రీసెర్చ్ ఉద్యోగాలు పడవు, ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

డిమాండ్ అంచనా ఇంకో పెద్ద రంగం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు కొత్తగా వస్తున్నప్పుడు, 1970ల తొలి ఏళ్లలో, జనం దేనిలో ప్రయాణిస్తున్నారో, ఎంత సమయం, ఎంత డబ్బు పెడుతున్నారో చూసి డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఎకనామిస్ట్ లెక్క కట్టాడు. ప్రయాణించేవాళ్లలో రైలెక్కేవాళ్లు 15 శాతం దాకా ఉంటారని అధికారుల అంచనా, ఈయన 6.3 అన్నాడు, చివరికి తేలింది 6.2. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. అదే రకం లెక్కలతో ఇప్పుడు కంపెనీలు కొత్త వస్తువును ఎవరు కొంటారో, ధర పెంచితే ఎవరు జారిపోతారో చూసుకుంటున్నాయి. టెక్ కంపెనీలకు ఎకనామిస్టులతో పనేంటని అడిగేవాళ్లకు ఇదే జవాబు. గూగుల్‌తో హాల్ వేరియన్ అనే ఎకనామిస్ట్ 2002లోనే పనిచేయడం మొదలుపెట్టాడు, అక్కడ ప్రకటనల స్థలం అమ్ముడయ్యేది వేలంలో, వేలం సిద్ధాంతమేమో మన సబ్జెక్టు.

అభివృద్ధి రంగం మీద మనసుంటే, పేద దేశాల ప్రభుత్వాల్లోకి పీజీ చేసిన యువ ఎకనామిస్టులను రెండేళ్లకు పంపే ఓడీఐ (లండన్‌లోని ఒక పరిశోధన సంస్థ) ఫెలోషిప్ 1963లోనే మొదలైంది. ప్రపంచ బ్యాంకు యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్‌కు పీజీతో పాటు పని అనుభవం కావాలి, ఐఎంఎఫ్ ఎకనామిస్ట్ ప్రోగ్రామ్ ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లది. వీటికి పోటీ విపరీతం, వీటినే నమ్ముకుని మిగతావి వదిలేయొద్దు. ఇన్సూరెన్స్‌లో యాక్చువరీ, అంటే నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణుడు, కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, వేరే పరీక్షలు రాయాలి.

పీహెచ్‌డీ చేయాలా వద్దా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే. ఉద్యోగం దొరకలేదు కాబట్టి చేద్దాం అనుకుంటే మాత్రం వద్దు, ఐదారేళ్లు పడుతుంది, మధ్యలో వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. అనుమానముంటే ముందు ఒకటి రెండేళ్లు ఏదైనా యూనివర్సిటీలోనో సెంట్రల్ బ్యాంకులోనో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేయండి. జీతం తక్కువే కావచ్చు, కానీ పరిశోధన అంటే రోజూ ఏం చేయాలో కళ్లారా చూస్తారు.

ఈలోగా డేటా లెక్కలకు వాడే స్టాటా, ఆర్, పైథాన్‌లలో ఒకటైనా గట్టిగా పట్టుకోండి, డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ కొంచెం నేర్చుకోండి. ఒక పేజీలో, ఎకనామిక్స్ చదవని పై అధికారికి అర్థమయ్యేలా నోట్ రాయడం కూడా. మనవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే, నోట్‌లో గుణకాలు, పీ వాల్యూలు లాంటి గణాంకాల అంకెలన్నీ ఉంటాయి గానీ ధర పెంచాలా వద్దా అన్నది ఎక్కడా ఉండదు.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా’ అంటారు కదా, అప్పుడు జీతం సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ టీమ్‌లో నాలాంటి చదువు ఉన్నవాళ్లు నిన్నంతా ఏం చేశారు అని అడిగి చూడండి. చెప్పడానికి తడుముకుంటే ఆ ఉద్యోగంలో చేరేముందు ఇంకోసారి ఆలోచించుకోవచ్చు. సరే, ఇక మీ ప్రశ్నలు, వెనక వరుస నుంచే మొదలుపెడదాం.