సున్నా నుంచి లెక్కపెట్టండి

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు, మళ్లీ చదవను. ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో రామన్ ఎఫెక్ట్ బయటపడిన రోజు. 1987 నుంచి దీన్ని సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పటానికి దండ వేశారు, సంతోషం. ల్యాబ్ బీరువా తాళం ఎప్పుడు తీస్తారు?

న్యూటన్ సూత్రాల మీద మాట్లాడమన్నారు. అక్కడికే వస్తాను. "పైకి విసిరిన బంతి పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా సార్, అప్పుడు త్వరణం కూడా సున్నాయేనా?" ఏటా ఏ క్లాసులోనైనా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. పోర్షన్ అవ్వాలని ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టేస్తారు. సున్నా అయ్యేది వేగం. త్వరణమంటే ఆ వేగం మారే రేటు. అదీ సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి, కిందికి రావడానికి కారణమే ఉండదు. సరళ లోలకం, అంటే దారానికి వేలాడే గుండు, కట్టి చూపించండి. గుండు చివరికెళ్లి ఆగిన చోటే దాని త్వరణం అన్నిటికన్నా ఎక్కువ.

లోలకం మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పనివ్వండి. ఏ ల్యాబ్ రికార్డు తిరగేసినా జి, అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం, విలువ 980 (సెంటీమీటర్లు, సెకన్ల లెక్కలో). అందరికీ 980! ప్రయోగం చేస్తే అలా రాదండీ. పొడవు 100 సెంటీమీటర్లైతే ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి, సుమారు 2.007 సెకన్లు పడుతుంది. గుండు వదలగానే పిల్లలు "ఒకటి" అంటారు. ఇరవై అనేసరికి అయినవి పంతొమ్మిది డోలనాలే. పట్టిన మొత్తం సమయాన్ని 20తో భాగిస్తే ఒక డోలనం కాలం 1.907కి దిగుతుంది, జి 1086 దగ్గరికి ఎగబాకుతుంది. జి లెక్కలో పొడవును కాలం వర్గంతో భాగిస్తాం మరి, 5 శాతం తప్పు 10 శాతం దాటుతుంది. అందుకే వాచీ నొక్కేటప్పుడు "సున్నా" అనాలి. అదీ గుండు మధ్య స్థానం దాటేటప్పుడు. అక్కడ జోరుగా పోతుంది గనక ఏ క్షణంలో దాటిందో స్పష్టంగా తెలుస్తుంది. చివర్లో నెమ్మదిస్తుంది, అక్కడ కన్ను మోసపోతుంది.

పొడవు కొలవాల్సింది గుండు కేంద్రం వరకు. కొక్కెం దాకా కొలిచి వదిలేస్తే జి తగ్గుతుంది. దారాన్ని చీల్చిన కార్కు మధ్య బిగించాలి, వదులుగా ఉంటే ఊగుతూ ఊగుతూ పొడవే మారిపోతుంది. 30 డిగ్రీలు లాగి వదిలితే కాలం 1.7 శాతం పెరుగుతుంది. పది లోపైతే ఆ తేడా 0.2 శాతమైనా ఉండదు. గుండును నెట్టకూడదు, వదలాలి. నెడితే గుండ్రంగా తిరుగుతుంది.

అమ్మా, అయ్యా, ఉపాధ్యాయులారా! 1086 వచ్చిన పిల్లవాడి రికార్డు కొట్టేయకండి. ఎక్కడినుంచి లెక్కపెట్టావు నాన్నా అని అడగండి. 980 కాపీ కొట్టిన పిల్లవాణ్ణి అడగడానికి ఏముంది?

ఇదుగో స్టాండు, దారం, 25 సెంటీమీటర్ల పొడవు. ముందు వరసలో పిల్లలిద్దరూ రండి. ఇరవై డోలనాలకు ఇంచుమించు 20 సెకన్లు రావాలి. ఒకరు వాచీ పట్టుకోండి, రెండోవాళ్లు లెక్కపెట్టండి.