పురి ఎప్పుడు పడాలి? జెన్నీ నుంచి మ్యూల్ దాకా

అందరికీ నమస్కారం.

నూలు వడకడంలో పనులు మూడు: ఏకును (దువ్విన దూది పోచను) సాగదీయడం, పురి పెట్టడం, కండెకు చుట్టడం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో యంత్రాలు కట్టినవాళ్లు తంటాలు పడింది ఎక్కువగా మొదటి రెండింటి మధ్యే. పురి ముందే పడితే పోగు సాగదు, ఆలస్యమైతే తెగుతుంది.

బడి పుస్తకాల పుణ్యమా అని హార్‌గ్రీవ్స్ కట్టిన వడుకు యంత్రం జెన్నీ పేరు అందరికీ తెలుసు. 1770 పేటెంటులో దానికి 16 కదుళ్లు, అంటే తిరుగుతూ పురి పెట్టే పుల్లలు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఏకుల్ని రెండు కర్రల మధ్య బిగించిన పట్టెను ఎడమచేత్తో వెనక్కి లాగాలి. కదుళ్లు పెరిగాయి కానీ పని మన రాట్నం పనే. ఆ నూలు మెత్తన. అడ్డంగా నేసే పేకకు సరిపోయింది, మగ్గం మీద నిలువునా బిగువుగా నిలవాల్సిన పడుగుకు ఆగలేదు. అందుకే లాంకషైర్ నేతగాళ్లు పడుగుకు నార నూలే వాడేవాళ్లు.

ఆర్క్‌రైట్ 1769లో పేటెంటు తీసుకున్న వాటర్ ఫ్రేమ్ దారి వేరు. దాంట్లో సాగదీసేవి రోలర్లు. కింది రోలర్‌కు గాడులు, పైదానికి తోలు తొడుగు, రెండూ బిగిసి ఉండేలా బరువులు. ముందు జత వెనక జతకన్నా ఆరింతలు వేగంగా తిరిగితే అంగుళం ఏకు ఆరంగుళాలవుతుంది. కిటుకు జతల మధ్య ఎడంలో ఉంది. అది దూది పీచు పొడవుకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఒకే పీచును రెండు జతలూ పట్టి తెంపేస్తాయి. మరీ ఎక్కువైతే నడుమ ఏ పట్టూ లేని పీచులు గుంపుగా కదిలి, పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. బరువు చాలకపోతే ఏకు జారిపోతుంది. 1738లోనే పాల్, వయట్ రోలర్లకు పేటెంటు తీసుకున్నా గిట్టుబాటు చేసుకోలేకపోయారు. 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మొదలైన ఆర్క్‌రైట్ మిల్లు గిట్టుబాటైంది.

దాంతో పడుగుకు ఆగే దూది నూలు వచ్చింది, అడ్డం చట్టం. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లే అద్దకాల మీద గురిపెట్టిన 1721 నాటి నిషేధం, పడుగూ పేకా రెండూ దూది నూలే అయిన ఇంగ్లీషు అద్దకం బట్టకూ తగిలింది. 1774లో పార్లమెంటు దాన్ని సడలించింది.

ఫ్రేమ్‌కు ఒక లోపం. పురి పెట్టే ఫ్లయరే (కండె చుట్టూ తిరిగే చేతుల్లాంటి భాగమే) కండెకు చుడుతుంది కాబట్టి పోగు మీద లాగుడు ఆగదు. సన్న పోగు ఆ లాగుడుకు తెగుతుంది. 1779లో బోల్టన్ దగ్గర క్రాంప్టన్ కట్టిన మ్యూల్ అక్కడే గెలిచింది. రోలర్లు ఏకును వదులుతుంటే, కదుళ్లున్న బండి పట్టాల మీద అయిదడుగుల దాకా వెనక్కి జరుగుతూ పురి పెడుతుంది. రోలర్లు ఆగాక కూడా బండి మరికొన్ని అంగుళాలు కదులుతుంది. పురి ముందు సన్నచోటికే పరుగెత్తి దాన్ని గట్టిపరుస్తుంది. లావుచోటు ఇంకా వదులుగా ఉంటుంది కనుక సాగేది అదే. పోగు తనంతట తానే సమమవుతుంది. నా దృష్టిలో ఆ శతాబ్దపు వడుకు పనిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. పొందూరులో వడికేవాళ్ల వేళ్లు చేసేదీ ఇదే.

చుట్టడం మాత్రం మనిషి మీదే పడింది. బండి ఆగగానే కదుళ్లను కొంచెం వెనక్కి తిప్పి, మొనమీది చుట్లు విప్పి, అడ్డతీగతో పోగుల్ని కిందికి నొక్కి, బండిని లోపలికి తోస్తూ చుట్టాలి. తీగ ఆలస్యమైతే పోగు మెలికలు పడుతుంది, బిగువు తప్పితే కండె పాడవుతుంది.

నూలు నంబరంటే ఒక పౌను బరువుకు వచ్చే 840 గజాల చిలపల (నూలు చుట్టల) లెక్క; నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నన. 80వ నంబరైతే పౌనుకు 67,200 గజాలు. దానికి క్రాంప్టన్‌కు పౌనుకు 42 షిల్లింగులు ముట్టాయి, 40వ నంబరుకు 14. ఆయన పేటెంటు తీసుకోలేదు. 1812లో పార్లమెంటు 5,000 పౌన్ల సొమ్ము ఇచ్చింది. అప్పటికే దేశంలో మ్యూల్ కదుళ్లు 40 లక్షలు దాటాయి.

రాబర్ట్స్ 1830లో చుట్టే పనినీ యంత్రానికే అప్పగించాడు. అయినా సన్న నూలు మిల్లుల్లో చేత్తో తోసే మ్యూళ్లు దశాబ్దాలపాటు సాగాయి. బిగువు కనిపెట్టడంలో ఆ చేతికి సరితూగే యంత్రం అంత త్వరగా రాలేదు.