యేసుకు నిజంగానే దాహం వేసిందా?

[తెరపై: మే నెల మిట్టమధ్యాహ్నం, దేవరకొండ రోడ్డు. చేతిపంపు దగ్గర వరసగా బిందెలు.]

అందరికీ వందనాలు. మన నల్లగొండ, పాలమూరు సంఘాల్లో సండే స్కూల్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "యేసయ్య దేవుడు కదా, మరి ఆయనకు దాహం ఎట్లా అయింది?" చాలామంది పెద్దవాళ్లు "మన కోసం అట్లా కనిపించాడు బిడ్డా" అనేస్తారు. భక్తితో అన్న మాటే. కానీ ఈ జవాబును సంఘం తొలి శతాబ్దాల్లోనే ఒప్పుకోలేదు.

[తెరపై: యోహాను 4వ అధ్యాయం తెరిచిన తెలుగు బైబిల్.]

సమరయలో యాకోబు బావి. ఎండ నడినెత్తిన ఉంది. నడిచి నడిచి అలసిపోయి యేసు బావి దగ్గర కూర్చున్నాడు. నీళ్లకొచ్చిన స్త్రీని దాహానికి ఇమ్మని అడిగాడు. ఆమె అన్న మాట చూడండి: బావి లోతుగా ఉంది, చేదుకోడానికి నీ దగ్గర ఏమీ లేదే! ఆయన చేతిలో చేద లేదు, తాడు లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లుపోయిన మనుషుల్ని చూసిన జిల్లా మనది. ఒక మనిషి మంచినీళ్లు అడిగాడంటే ఆ అవసరం ఎంతటిదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దాహం నటన అయితే, సిలువ మీద "దప్పిగొనుచున్నాను" అన్నది కూడా నటనే అవుతుంది. అప్పుడు ఇక మన రక్షణ ఎక్కడుంది?

అయితే కొందరు అట్లాగే బోధించారు: ఆయన దేహం పైకి కనిపించేదే తప్ప నిజం కాదని. యోహాను మొదటి పత్రిక అందుకే యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవాలని గట్టిగా చెబుతుంది. తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ రెండో వైపుకు లాగాడు: కుమారుడు గొప్పవాడే, కానీ సృష్టించబడినవాడు అన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడు సంపూర్ణంగా దేవుడేనని ప్రకటించింది.

[తెరపై: టర్కీ మ్యాప్. నైసియా, చాల్సెడాన్ గుర్తులు.]

మరి ఒకే వ్యక్తిలో దైవత్వం, మానవత్వం ఎట్లా ఉంటాయి? 451లో చాల్సెడాన్ సభ దీని మీదే కూర్చుంది. రెండు స్వభావాలు, ఒకే వ్యక్తి. అవి కలగలిసిపోవు, మారిపోవు, చీలిపోవు, విడిపోవు. గమనించండి, ఈ నాలుగూ "కాదు" అని చెప్పే మాటలే. ఎట్లా సాధ్యమో సభ వివరించలేదు, దారి తప్పకుండా నాలుగు వైపులా కంచె వేసింది. నాకు ఆ వినయం చాలా ఇష్టం.

నీళ్లలో ముంచాలా, తల మీద పోయాలా, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా అన్న దగ్గర మన నల్లగొండ మేత్రాసనం కథోలికులు, పాలమూరు ఎంబీ (మెన్నోనైట్ బ్రదరెన్) సంఘాలవాళ్లు విడిపోతారు. యేసు నిజ దేవుడు, నిజ మానవుడు అన్న దగ్గర మాత్రం ఒక్కటే మాట. ఈజిప్టు కోప్టిక్ సంఘం, కేరళ మలంకర ఆర్థడాక్స్ సంఘం చాల్సెడాన్ సభను అంగీకరించవు. ఏకమైన ఒకే స్వభావం అంటారు. కానీ ఆయన దైవత్వాన్ని గానీ, మానవత్వాన్ని గానీ వాళ్లు కాదనరు.

[తెరపై: యోహాను 11వ అధ్యాయం.]

పిల్లలకు చెప్పేటప్పుడు నేనైతే లాజరు సమాధి దగ్గరికి తీసుకెళ్తాను. 35వ వచనంలో యేసు కన్నీళ్లు విడిచాడు. 43లో "లాజరూ, బయటికి రా" అని పిలిస్తే చనిపోయినవాడు లేచి వచ్చాడు. ఏడ్చింది మనిషి యేసు, లేపింది దేవుడైన క్రీస్తు అని ఇద్దరిని చేయకండి. ఏడ్చినవాడే పిలిచాడు. పిల్లలు ఇది పెద్దవాళ్ల కంటే త్వరగా పట్టుకుంటారు.